గూడెం కొత్తవీధి ఇళ్లలో విద్యుత్ పొదుపు

గూడెం కొత్తవీధి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తూర్పు కనుమల మీద ఉన్న ఏజెన్సీ మండలం. వాడుకలో జీకే వీధి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కాఫీ, మిరియాల తోటలు, పసుపు, రాజ్‌మా, రాగి, సామ, వలిసె పొలాలు, వాటి మధ్య బగత, కొండదొర, కొండకమ్మర, కోందు తదితర తెగల గూడేలు. ఒడిశా సరిహద్దున సీలేరు నది. మైదానంలో విద్యుత్ పొదుపు అనగానే ఏసీ, కూలరు గుర్తొస్తాయి. ఈ కొండల మీద వాటి అవసరం తక్కువ. ఇక్కడి ఇంట్లో కరెంటు ఎక్కువగా ఖర్చయ్యేది నీళ్లు కాచడానికి. వృథా అయ్యేది సన్నని వైర్లలో, వదులు జాయింట్లలో. కొరత తెలిసేది తెల్లవారుజామున, చీకటి పడ్డాక. కాబట్టి పొదుపు గురించి మైదానంలో చెప్పే మాటలు చాలావరకు ఇక్కడ వర్తించవు. లైటు కట్టేయమని చెప్పడం కంటే ఇంటి కప్పు, గోడలు, స్నానాల నీళ్లు, వైరింగ్ గురించి మాట్లాడటం ఈ మండలానికి ఎక్కువ మేలు చేస్తుంది.

సీలేరు ఒడ్డున

విద్యుత్తు పుట్టే చోటనే ఉన్న మండలం ఇది. ఎగువన మాచ్‌ఖండ్ అని పిలిచే నదే దిగువకు వచ్చేసరికి సీలేరు అవుతుంది, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. జీకే వీధి మండలంలోని ఎగువ సీలేరు కేంద్రంలో 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయి. మొదటి రెండు 1960ల చివర, తర్వాతి రెండు 1990ల నడుమ వచ్చాయి. దిగువన డొంకరాయిలో 25 మెగావాట్లు, మోతుగూడెంలో 460 మెగావాట్ల దిగువ సీలేరు. ఏపీ జెన్‌కో నడిపే ఈ సీలేరు సముదాయం మొత్తం 725 మెగావాట్లు. ఇంత విద్యుత్తు ఈ కొండల నీటి నుంచే పుడుతున్నా, చుట్టూ ఉన్న మారుమూల గూడేలకు తీగ చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఆ ఆలస్యానికి సమర్థన లేదు. కొండ మీది కుటుంబాన్ని కరెంటు తక్కువ వాడమని అడిగే ముందు ఈ సంగతి గుర్తుండాలి. ఇక్కడ పొదుపుకు అర్థం చీకట్లో కూర్చోవడం కారాదు. ఉన్న కరెంటుతో ఎక్కువ సుఖం దొరకాలి.

ఒక యూనిట్ వెనుక ఎంత నీరుందో లెక్క వేయవచ్చు. 100 మీటర్ల ఎత్తు నుంచి వెయ్యి లీటర్ల నీరు దిగితే, యంత్రాల నష్టం పోను దాదాపు పావు యూనిట్ వస్తుంది. అంటే ఒక్క యూనిట్‌కు నాలుగు వేల లీటర్లు. జలాశయంలో ఆగిన నీటిని జనం ఎక్కువగా వాడే వేళకు వదలగలగడమే జలవిద్యుత్ బలం. అందుకే సాయంత్రపు యూనిట్ విలువైనది. ఎగువ సీలేరులో ప్రతిపాదించిన 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకం ఉద్దేశం కూడా అదే: కరెంటు మిగిలిన వేళ నీటిని పైకి తోడి, చాలని వేళ కిందికి వదలడం. అలా తోడి వదిలేటప్పుడు ఐదో వంతు దాకా శక్తి పోతుంది. చీకటి పడ్డాక ఇంట్లో ఆదా అయ్యే యూనిట్‌కు ఆ నష్టం ఉండదు.

ఉచితం, శ్లాబులు

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు 2019 నుంచి ఉంది. గూడెంలో మామూలు ఇల్లు ఆ హద్దుకు చాలా దిగువనే ఉంటుంది. బిల్లే లేనప్పుడు పొదుపెందుకని అడగడం సహజం. జవాబు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దొరుకుతుంది. గూడెమంతటికీ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నప్పుడు పై ఇంట్లో వృథా అయ్యే కరెంటు చివరి ఇంట్లో మసక వెలుగుగా కనబడుతుంది. డబ్బు పోకపోయినా వోల్టేజి పోతుంది.

ఉచితం వర్తించని ఉద్యోగులు, వ్యాపారులు మండల కేంద్రంలో, సీలేరులో, ఆర్వీ నగర్‌లో ఉన్నారు. వాళ్లకు శ్లాబుల లెక్క పనికొస్తుంది. 2022-23లో వచ్చిన టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఈ లెక్కన 150 యూనిట్లకు కరెంటు చార్జీ 567 రూపాయలు, 100 యూనిట్లకు 304.50. ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు వేరు. వాడకం మూడో వంతు తగ్గితే చార్జీ దాదాపు సగానికి దిగుతోంది. ఆదా అయ్యేవి ఎప్పుడూ పై శ్లాబులోని యూనిట్లే గనుక ఇలా జరుగుతుంది.

నీళ్లు కాచడం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవాలి. పక్కనే ఉన్న చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో డిసెంబరు, జనవరి నెలల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత తరచుగా పది డిగ్రీలకు దిగువన నమోదవుతుంది. లంబసింగి చలి రాష్ట్రమంతా ఎరిగినదే. జీకే వీధి వాతావరణమూ దాదాపు అదే. ఇంత చలిలో పసిపిల్లలకు, వృద్ధులకు, బాలింతలకు వేడినీళ్లు తప్పనిసరి. సంతలో చవగ్గా దొరికే, నీళ్లలో ముంచి కాచే కరెంటు రాడ్ ఈ అవసరంతోనే ఇళ్లలోకి వచ్చింది.

బకెట్‌లో 20 లీటర్ల నీటిని 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి 0.7 యూనిట్ కావాలి. నలుగురి ఇంట రోజుకు నాలుగు బకెట్లంటే నెలకు 84 యూనిట్లు. అదే ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు రోజూ ఐదేసి గంటలు వెలిగినా నెలకు నాలుగు యూనిట్లే. నీటిని వేడి చేయడానికి ఎంత శక్తి పడుతుందో చాలామందికి అంచనా ఉండదు. ఆ బకెట్ నీటిని కాచే శక్తితో, నష్టాలేవీ లేవనుకుంటే, అదే నీటిని పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు తోడవచ్చు. ఇంటి నీటి మోటారు మీద పడే అనుమానం నిజానికి రాడ్ మీద పడాలి.

ఎండ చేసే పని ఇక్కడ చాలా ఉంది. శీతకాలంలో తెల్లవారాక చాలాసేపు పొగమంచు కమ్ముకున్నా, అది విడిచాక కొండ మీద ఎండ బాగా కాస్తుంది. బయట నల్లరంగు వేసిన మూత డ్రమ్మును గాలి తగలని చోట, ఎండకు ఎదురుగా పెడితే నీరు మధ్యాహ్నానికి గోరువెచ్చనవుతుంది. అది 28 డిగ్రీలకు చేరినా ఆ తర్వాత రాడ్‌కు పట్టేది బకెట్‌కు 0.4 యూనిట్. నెలకు 36 యూనిట్ల ఆదా. దీనికి కావలసింది డ్రమ్ము, కాస్త రంగు, మూత, కప్పడానికి గోనె సంచులు. పొలం నుంచి వచ్చి సాయంత్రమే స్నానం చేసే ఇంటికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఉదయం స్నానాలవాళ్లకు డ్రమ్ములో రాత్రంతా వేడి నిలవదు. వాళ్లకు చుట్టూ దట్టమైన పొర ఉన్న సోలార్ వాటర్ హీటర్ ట్యాంకే మేలు. నిన్నటి ఎండను రేపటి పొగమంచు దాకా నిలిపేది ఆ పొర. కొనేటప్పుడు గొట్టాల సంఖ్య కంటే ట్యాంకు పొర మందం గురించి గట్టిగా అడగాలి. కాఫీ తోటల నీడకు వేసిన సిల్వర్ ఓక్ చెట్ల నీడ పడని చోటు చూసుకోవాలి.

కట్టెల గురించి నిజాయితీగా చెప్పుకోవాలి. పెరట్లో పొయ్యి మీద కాగు పెట్టి నీళ్లు కాచడం వెనకబాటుతనమేమీ కాదు. కాఫీ మొక్కల కొమ్మ కత్తిరింపులు, రాలిన ఎండు కొమ్మలు దండిగా దొరికే ఇంట అదే తెలివైన పని. నడుమ గొట్టం ఉన్న రాగి బాయిలర్ అయితే తక్కువ పుల్లలతోనే నీళ్లు కాగుతాయి. ముప్పు ఇంటి లోపలి పొగతోనే. గాలి ఆడని గదిలో పొయ్యి పొగ ఆడవాళ్ల ఊపిరితిత్తులను, పిల్లల ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. పొయ్యిని వంటగదిలోంచి పంచలోకి మార్చినా, కప్పుకు పొగగూడు పెట్టినా విద్యుత్ ఖర్చేమీ లేకుండా ఆరోగ్యం నిలుస్తుంది.

రాడ్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. నీటిలో రాడ్ ఉండగా, స్విచ్చు వేసి ఉండగా చెయ్యి ముంచి చూడకూడదు. స్విచ్చు కట్టి, ప్లగ్గు తీసి, ఆ తర్వాతే నీటిని తాకాలి. ఇనుప బకెట్ వద్దు. ఐఎస్ఐ గుర్తు లేని రాడ్ వద్దు. ఎర్తు లేని ఇంట రాడ్ అసలే వద్దు.

వోల్టేజి, వైరింగ్

తీగ చివరి ఇంట్లో వోల్టేజి 230 నుంచి 180కి పడిపోయిందనుకుందాం. 1500 వాట్ల రాడ్ అప్పుడు 920 వాట్లే ఇస్తుంది. 28 నిమిషాల్లో కాగే నీటికి 46 నిమిషాలు పడుతుంది. ఫలితంగా తెల్లవారుజామున ఎక్కువ ఇళ్ల రాడ్లు ఒకేసారి ఎక్కువసేపు నీటిలో ఉంటాయి. దాంతో వోల్టేజి ఇంకా దిగుతుంది. 15 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద పది రాడ్లు ఒకేసారి పెడితే దాని సామర్థ్యం వాటికే సరిపోతుంది. పై వీధి వాళ్లు ఐదింటికి, కింది వీధి వాళ్లు ఆరింటికి అని మాట అనుకుంటే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా అందరి నీళ్లూ త్వరగా కాగుతాయి. గూడెం పెద్దలు, సచివాలయం ఎనర్జీ అసిస్టెంట్ కూర్చుని తేల్చుకోగల సంగతి ఇది.

వైరులో కరెంటు సగమైతే వేడి రూపంలో పోయే నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. అదే కరెంటు సన్నని వైరులో పోతే నష్టం పెరుగుతుంది. ఇల్లు కట్టినప్పుడు రెండు బల్బులకని వేసిన వైరు మీద తర్వాత టీవీ, మిక్సీ, రాడ్, ఇండక్షన్ పొయ్యి వచ్చి చేరతాయి. బోర్డు వేడెక్కడం, ప్లగ్గు నల్లబడటం, రాడ్ పెట్టగానే బల్బు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా వైరు చాలడం లేదనో, జాయింటు వదులైందనో అర్థం. రాడ్‌కు, ఇండక్షన్ పొయ్యికి మీటరు నుంచి వేరే మందపాటి వైరు లాగి, సొంత ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగే స్విచ్చు) పెట్టించడం ఇంటికి చేయగల మంచి మరమ్మతుల్లో ఒకటి. తేమ, గాలివాన ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో గుడ్డ టేపు చుట్టిన జాయింట్లు ఒక వానకాలం దాటవు. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, ఎండకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి. సర్వీసు వైరు మీద చెట్టు కొమ్మ రాసుకుంటుంటే స్వయంగా నరకకుండా తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వారికి 1912 నంబరులో చెప్పాలి.

వెలుతురు

ఎల్‌ఈడీ ధర పడిపోయిన తీరు పొదుపు చరిత్రలో చెప్పుకోదగ్గది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ 2014లో ఒక్కో బల్బును 310 రూపాయలకు కొన్నది. పెద్ద మొత్తంలో కొనడం వల్ల 2016 నాటికి అది 40 రూపాయల లోపుకు వచ్చింది. దేశవ్యాప్త ఉజాల పథకం 2015 జనవరి 5న మొదలైంది. అంతకుముందే 2014లో ఇంటింటికీ ఎల్‌ఈడీ పంపిణీ మొదలైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను దెబ్బతీశాక నగరంలోని తొంభై వేలకు పైగా వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. పాత 60 వాట్ల బల్బు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. దాని బదులు వచ్చిన 9 వాట్ల ఎల్‌ఈడీకి 1.35. పైగా వోల్టేజి తగ్గినా మంచి ఎల్‌ఈడీ వెలుగు పెద్దగా తగ్గదు. కొండ ఊళ్లకు ఇదే దాని అసలు మేలు.

పగలు కూడా లైటు వేసుకోవలసి రావడం ఇక్కడి పాత ఇళ్ల చిక్కు. చలి కోసం కిటికీలు చిన్నవిగా, లేదా అసలు లేకుండా కట్టారు. పెంకుటింట్లో రెండు మూడు గాజు పెంకులు, రేకుల ఇంట్లో పారదర్శక రేకు ఒకటి ఈ లోటు తీరుస్తాయి. బ్రెజిల్‌లో అల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో ఇంకో దారి కనిపెట్టాడు. ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, కాస్త బ్లీచింగ్ ద్రవం పోసి రేకుకు బిగిస్తే, పైన పడిన ఎండ గది నలుమూలలకూ చెదిరి 40 నుంచి 60 వాట్ల పాత బల్బంత వెలుగునిస్తుంది. ఫిలిప్పీన్స్‌లో ఆ పద్ధతి పేదల ఇళ్లకు విరివిగా చేరింది. మన కొండల్లో జింకు రేకులకు ఇది నప్పుతుంది. చుట్టూ నీరు కారకుండా సీలెంట్ పూయాలి. ఆస్‌బెస్టాస్ రేకుకు మాత్రం ఎప్పుడూ రంధ్రం చేయకూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. పొగచూరి నల్లబడిన లోపలి గోడకు ఏటా సున్నం వేస్తే ఉన్న బల్బే ఎక్కువ వెలుగిచ్చినట్టుంటుంది. పండగకు ఇల్లు అలికి, సున్నం కొట్టే అలవాటులో ఈ మేలు ముందే ఉంది.

గోడ, కప్పు, అటక

మట్టి గోడ, గడ్డి కప్పు ఉన్న ఇల్లు శక్తి లెక్కల్లో చాలా మంచి ఇల్లు. మందమైన మట్టి గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుని, చీకటి పడ్డాక లోపలికి వదులుతుంది. గడ్డిలో చిక్కుకున్న గాలి చలినీ ఎండనీ అడ్డుకుంటుంది. గింజలు దాచుకునే అటక, కప్పుకూ గదికీ మధ్య ఇంకో పొర. ఈ ఇంటికి ఫ్యాను అవసరం తక్కువ, రాత్రి చలీ తక్కువ. దాని బలహీనతలు వేరు: నిప్పు, చెద, వానకాలపు మరమ్మతు. అందుకే జనం రేకుల ఇంటికీ, స్లాబు ఇంటికీ మారుతున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే రేకు ఒక్క పొర. ఏప్రిల్ మధ్యాహ్నం కాలుతుంది, జనవరి రాత్రి మంచులా చల్లబడుతుంది. ఇల్లు మారిన ఏడాదికే ఫ్యాను, మరికొన్నాళ్లకు కూలరు వస్తాయి.

రేకుల కింద అడుగు ఖాళీ వదిలి వెదురు తడక బిగించడం, దాని మీద పలుచగా మట్టి, పేడ అలకడం, ఈ పని ఇంట్లోవాళ్లే చేసుకోగలరు. ఆ ఖాళీలో నిలిచిన గాలి గడ్డి కప్పు చేసే పనిలో కొంత చేస్తుంది. చూరు దగ్గర మూసి తెరిచే కంత ఉంచితే ఎండకాలం వేడి గాలి బయటికి పోతుంది, శీతకాలం మూసుకోవచ్చు. స్లాబుకు పైన తెల్ల సున్నమో, కూల్ రూఫ్ రంగో వేయడం మైదానంలో గొప్ప ఉపాయం. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. జీకే వీధిలో దాని అవసరం మూడు నెలలే. ఏడాదిలో ఎక్కువ కాలం వణికే ఇంటి కప్పును తెల్లగా చేయడానికి తొందరపడనక్కర్లేదు, ముందు తడక అటకే మేలు.

మిగతా సామాన్లు

ఫ్యాను పాతది 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం 30 వాట్ల చుట్టూ. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి. అయినా ఏడాదిలో కొద్ది నెలలే తిరిగే ఫ్యానును మార్చడం ఇక్కడ మొదటి పని కాదు. ఫ్రిజ్‌కు చల్లని వాతావరణం కలిసివస్తుంది. పొయ్యికి దూరంగా, గోడకు జానెడు ఎడంగా పెట్టి, తలుపు రబ్బరు సరిగ్గా అంటుకుంటోందో లేదో చూసుకుంటే చాలు. డిష్ సెట్‌టాప్ బాక్స్ మాత్రం కంటికి కనబడని దొంగ. టీవీ ఆపినా అది పది వాట్లు లాగుతూనే ఉంటే నెలకు 7.2 యూనిట్లు, అంటే రోజూ ఐదు గంటలు వెలిగే ఎల్‌ఈడీ బల్బులు ఐదింటికి పైగా. గోడ దగ్గర స్విచ్చు కట్టడమే మందు.

ఇంటిపై సోలార్

2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేల రూపాయలు, 3 కిలోవాట్లు, ఆ పైన మొత్తం 78 వేల రూపాయల కేంద్ర సబ్సిడీ ఉంది. మంచి ఎండ కాసే చోట ఒక కిలోవాట్ నెలకు 120 యూనిట్ల దాకా ఇస్తుంది. పొగమంచు, సుదీర్ఘ వానకాలం ఉన్న ఈ కొండల్లో అంతకంటే తక్కువే ఆశించాలి. ఒక సంగతి ముందే తెలుసుకోవాలి: గ్రిడ్‌తో కలిపిన సోలార్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణరక్షణకే ఆ ఏర్పాటు. గాలివానకు చెట్లు పడి రోజుల తరబడి కరెంటు లేని గూడేనికి కావలసింది బ్యాటరీ. రెండు బల్బులు, ఫోను చార్జింగ్ నడిపే చిన్న సోలార్ దీపం అక్కడ పెద్ద పలకల కంటే ఎక్కువ అక్కరకొస్తుంది.

కరెంటు లేని అలాంటి రోజులు ఎంత నేర్పగలవో అలాస్కా రాజధాని జూనో చూపింది. కొండల మధ్య ఉన్న ఆ పట్టణం జలవిద్యుత్తు మీద బతుకుతుంది. 2008 ఏప్రిల్ 16న మంచుచరియలు పడి లైను తెగింది. డీజిల్ జనరేటర్లతో చార్జీ దాదాపు ఐదింతలైంది. కొద్ది వారాల్లోనే జనం వాడకాన్ని సుమారు 30 శాతం తగ్గించారు. బల్బులు మార్చారు, వేడినీళ్లు తగ్గించారు, డ్రయరు మానేసి బట్టలు తీగ మీద ఆరేశారు. లైను తిరిగి వచ్చాక కూడా ఆ అలవాట్లు కొన్ని నిలిచాయి.

ఏది ముందు

డబ్బు కొద్దిగా ఉన్న ఇంటికి వరుస ఇది: మొదట ఎర్తు, జాయింట్లు, తర్వాత నల్ల డ్రమ్ము, మూత, పిదప గాజు పెంకు, సున్నం, ఎల్‌ఈడీ, అటు తర్వాత తడక అటక. సోలార్ పలకలు, కొత్త ఫ్యాన్లు ఆఖరున. 2023 నవంబరు 15న మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ కింద కోందు, పోర్జ, గదబ వంటి తెగలకు కొత్త ఇళ్లు మంజూరయ్యాయి. ఆ ఇళ్లు కట్టుకునేవాళ్లకు, కట్టించే ఇంజినీర్లకు ఒక మనవి. పునాది తీయకముందే ఒక పూట కూర్చుని కిటికీ ఏ దిక్కున ఉండాలి, కప్పు కింద అటక ఎలా రావాలి, పొయ్యికి పంచ ఎక్కడ, నీళ్ల డ్రమ్ముకు ఎండ ఎక్కడ, రాడ్‌కు వేరే వైరు ఎటునుంచి అనేవి తేల్చండి. ఇల్లు లేచాక వీటిలో ప్రతి ఒక్కదానికీ ఎక్కువ ఖర్చవుతుంది.